నైరుతి మూల

గ్రోనింగెన్‌లో ఆ వారమంతా వాన.
నాలుగో అంతస్తు కిటికీ అద్దాలకు పట్టిన ఆవిరి
తుడిచినకొద్దీ మళ్లీ పట్టేది.
పంపు దగ్గర కూర్చునే పని నాది.
నిమిషానికి అయిదు మైక్రోలీటర్లు.

"అంటే ఎంత?" అన్నాడు మెన్నో,
గొరిగిన తలలోంచి సన్నటి గొట్టం వేలాడుతుండగా.
"పది గంటలకు చెంచాడు కూడా కాదు."
నవ్వాడు. ముప్ఫై నాలుగేళ్లు
సముద్రానికి అడ్డం కట్టిన కట్టల్ని కాపలా కాసినవాడు.
"చెంచాడు నీళ్లకే భయపడాలి.
ఉప్పెన చెప్పి వస్తుంది,
చెమ్మ చెప్పదు."

నోటితో మింగిన మందు మెదడు గడప దాటదు,
నెత్తుటి గోడ దగ్గరే నిలిచిపోతుంది.
అందుకే ఎముకకు చిల్లి, చిల్లిలో గొట్టం,
గొట్టం కొసన, కణితి పక్కన,
మెల్లగా విప్పుకునే తడి.

నీరు పల్లమెరుగు అంటారు.
ఇక్కడ పల్లం లేదు.
బూడిదరంగు పొరలో మందు
బ్లాటింగ్ కాగితం మీది సిరాచుక్క,
అన్ని వైపులా ఒకేలా ఇంకుతుంది.
తెల్ల పదార్థంలో అలా కుదరదు.
అక్కడ నరాల పోగులు బారులు తీరి ఉంటాయి,
పేక లేని పడుగు.
నీరు పోగు వెంట పరుగెడుతుంది,
అడ్డంగా దాటమంటే మొరాయిస్తుంది.

స్కాన్‌లో ఆ పోగులకు రంగులు వేస్తాం.
ఎడమ నుంచి కుడికి పోయేవి ఎరుపు,
ముందు నుంచి వెనక్కి ఆకుపచ్చ,
కిందికీ పైకీ నీలం.
మెన్నో ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.
తన పుర్రెలోపలి సంగతని మరిచిపోయి
"ఈ నేల ఎవరు దున్నారు?" అన్నాడు.

మొదటి రోజే లెక్క తప్పింది.
కంప్యూటర్ గీసిచ్చింది కోడిగుడ్డంత మరక.
తెర మీద వచ్చింది తోక.
ఎర్ర దారి పట్టుకుని మందు
కణితిని పలకరించకుండానే
అవతలి సగం వైపు నడిచిపోతోంది.
ఇంకొంత, గొట్టం వెంటే వెనక్కి ఎగబాకి
చాప కింద నీరులా పైపొరలో పరుచుకుంది.

ఒత్తిడి పెంచుదామన్నారు డాక్టర్ ఆల్టింగ్.
"పెంచితే వచ్చిన దారినే వెనక్కొస్తుంది."
ఆ మాట నేననాల్సింది.
అన్నది మంచం మీది మనిషి.
కట్టలో ఇనుప గొట్టం పాతితే
నీరు గొట్టంలోంచి కాదు, పక్కనుంచి వస్తుందని,
మట్టికీ ఇనుముకీ ఎంత దిమ్మిస కొట్టినా పొత్తు కుదరదని,
ఒక జనవరి రాత్రి చెవి నేలకానించి
తాను ఆ చప్పుడు విన్నానని.

వేగం మూడుకి దించాం.
మర్నాడు గొట్టాన్ని ఇంకో కోణంలో దింపారు.
అతని కూతురు ఫ్రౌక్యె కుర్చీలో ముడుచుకుని
ఉన్ని మేజోడు అల్లుతూ ఉండిపోయింది,
మడమ దగ్గర రెండుసార్లు విప్పి.

ఒకటి మాత్రం ఎవరికీ చెప్పలేదు.
ఆరేళ్లు జెల్లీ దిమ్మల్లోకి నీలం రంగు ఎక్కించి సాధన చేశాను.
జెల్లీకి పోగులుండవు, వాపుండదు,
ఎవరి పేరూ గుర్తుండదు.
ప్రతిసారీ గుండ్రంగానే వచ్చేది.
ఆ గుండ్రానికి నేను మనసిచ్చుకున్నాను.

మూడో రోజు మరక గుండ్రంగా లేదు.
చిరిగిన చేతితొడుగులా ఉంది.
కణితిలో మూడింట రెండు వంతులు తడిసింది.
వాచిన చోట తొందరగా,
గట్టిపడిన చోట అసలే లేదు.

మెన్నో తన కట్టల చిట్టా తెప్పించుకున్నాడు,
మూలలు నలిగిన నల్ల అట్ట పుస్తకం.
ఇన్నేళ్లూ అందులో "పొడి" అంటే శుభవార్త.
తేదీ వేశాడు. గాలి: పడమర. వాన: ఆగలేదు.
పెన్సిల్ మొన నాలుకకు తాకించి
నా తెర వైపు మరోసారి చూసి
అక్షరం అక్షరం నొక్కి రాశాడు:

నైరుతి మూల ఇంకా పొడిగానే ఉంది.
రేపు మళ్లీ చూడాలి.